గడువు తీరిన కార్డులు

తునికిబండ, పినపాక మండలం
జులై 9

ఆఫియా,

మూడు రోజులుగా ముసురు. ఇవాళ పొద్దున కాస్త తెరిపి ఇస్తే మోపెడ్ తీశాను. వాగు దాకా బండి, అక్కడి నుంచి నడక. చెప్పులు చేత పట్టుకుని వాగు దాటి అవతలి గుంపులో, ఇక్కడ చిన్నపల్లెను గుంపు అంటారు, సగం ఇళ్లు తిరిగాను. జ్వరంతో ఉన్న ఇద్దరు పిల్లలకు వేలు గుచ్చి చూశాను, మలేరియా కాదు. ఒక బాలింతకు బీపీ చూశాను. మధ్యాహ్నం మళ్లీ వాన పట్టుకుంది. తిరిగి వచ్చేసరికి గురవమ్మ, అదే నాకు గది కిరాయికి ఇచ్చినామె, నా తువ్వాలు పొయ్యి మీద ఆరబెట్టి ఉంచింది. ఒక అంచు కాలింది.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఇక్కడ కరెంటు పోతే టవర్ కూడా పోతుంది. టవర్ ఉన్న వేళకు నువ్వు ఆఫీసులో ఉంటావు. ట్యాబ్‌లో రాస్తే మీ సారంగపాణి సార్ ముందు చదువుతారు. మన ట్రస్టు మందుల బండి తోలుకుని మీ తమ్ముడు మతీన్ ప్రతి గురువారం ఎలాగూ వస్తాడు. ఖమ్మం హాస్టల్ నుంచి సెలవులకు ఇల్లందు పోయి, నాలుగు వీధుల దూరంలో ఉండి కూడా ఉత్తరాలు రాసుకున్నవాళ్లం మనం.

నీతో పని పడి రాస్తున్నాను. నువ్వు ఖమ్మంలో కూర్చుని చూసే కార్డులు ఇక్కడ ఎలా నిండుతాయో నీకు తెలియదు. ఇంటి ముందు నిలబడి ఇంటి పెద్ద ఫొటో, రోజూ మందు వాడేవాళ్లుంటే వాళ్ల ఫొటో తీస్తాను. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఏ జబ్బు, ఏ మందు, అన్నీ అడిగి ట్యాబ్‌లో ఎక్కిస్తాను. అవతలి గుంపు వాళ్లు రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చి అడవి అంచున చెట్లు కొట్టి చేలు చేసుకున్నవాళ్లు. పద్నాలుగు ఇళ్లు. చేతిలో ఏ కాగితమూ లేదు. రాసుకోవడానికి ఎవరు వచ్చినా, తర్వాత లేచిపొమ్మనడానికే వచ్చారనుకుంటారు. అలా ఇప్పటికి రెండు చోట్ల నుంచి లేచివచ్చారు.

వాళ్ల పెద్ద ముసలయ్య. ఆయన మనవరాలు లాలికి సికిల్ సెల్ అనే రక్తం జబ్బు. ఏడేళ్లుంటాయి. మందు లేనప్పుడు కీళ్లు పట్టేసి, అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయేది. రోజూ బిళ్ల పడుతున్నప్పటి నుంచి మేకల వెంట పరుగెడుతోంది. ఆ మందు మీరు కార్డు చూసి, పేరు చూసి, నెలకొక పొట్లం కట్టి పంపుతారు. లాలి కోసమే ముసలయ్య గుంపును ఒప్పించాడు. మూడు ఇళ్ల వాళ్లు ఇప్పటికీ ఫొటో ఇవ్వలేదు.

ఇవాళ ముసలయ్య అడిగాడు, "నువ్వు రాసుకున్నది ఎన్నొద్దులుంటది?"

ఎప్పటికీ ఉంటుందని చెప్పాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. ఆయన ట్యాబ్‌ను వేలితో తట్టి చూశాడు. తర్వాత, "కాయితమైతె చెదలు తింటది. దీన్ని ఏం తింటది?" అన్నాడు.

 నీ దగ్గర జవాబు ఉందా? వాళ్లు చోటు వదిలి పోతే, పేర్లు కూడా వాటంతట అవే పోయేటట్టు చేయగలవా?

సరిత

*

ఖమ్మం
జులై 16

సరితా,

ఇక్కడ వాన లేదు, ఉక్క. ఆఫీసులో ఏసీ పాడై వారమైంది. పొద్దున నుంచి మీ జిల్లా ట్యాబ్‌లకు కొత్త యాప్ ఎక్కించే పనే. మతీన్ నీ ఉత్తరం ఇచ్చి, "మీ ఇద్దరికి ఫోన్లు బరువైతున్నయా? నన్ను పోస్ట్‌మన్‌ని చేసిన్రు. కనీసం ఓ ఖాకీ చొక్కానన్న కొనియ్యిరి" అన్నాడు. అమ్మీ అక్కడే ఉంది, ఖాకీ నీకు నప్పదు, ఆటో డ్రైవర్‌లా ఉంటావు అంది. వాడు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ముసలయ్యకు చెప్పు, చెదలు పెట్టాను. మా పనిలో దాన్ని గడువు అంటాం. ప్రతి కార్డుకూ ముప్పై రోజుల గడువు, ఇప్పుడున్న వాటికి ఇవాళ్టి నుంచి లెక్క. నువ్వు ఆ ఇంటికి వెళ్లి ఫొటో తీసినప్పుడల్లా గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ముప్పై రోజులు ఎవరూ వెళ్లలేదంటే ఆ ఇంటివాళ్లు అక్కడ లేరని లెక్క. కార్డు నీ ట్యాబ్‌లోనూ పోతుంది, ఇక్కడ కంప్యూటర్‌లోనూ పోతుంది. ఎవరూ నొక్కక్కర్లేదు. ముప్పై ఎందుకంటే పొట్లాలు నెలకొకసారి కడతాం కాబట్టి. నువ్వు నెలలో ఒక్కసారైనా ఆ గడప దగ్గర నిలబడతావు కదా.

ఇంటి దగ్గరే నిలబడి తీయాలి, గుర్తు పెట్టుకో. ట్యాబ్ చోటు చూసుకుంటుంది. ఇంటికి దూరంగా తీస్తే వెళ్లినట్టు ఒప్పుకోదు. నీకంటే ముందున్నామె తన ఇంట్లో కూర్చుని మూడు ఊళ్లు తిరిగినట్టు నింపింది, అందుకని పెట్టారు.

సారంగపాణి సార్ కాదంటారేమో అనుకున్నాను. వెంటనే సరే అన్నారు. "మన దగ్గర లేనిదాన్ని మనల్ని ఎవరూ అడగరమ్మా" అన్నారు. మా పైన ఈ పని చూసేది ఆయనొక్కరే. ఆయన ఒప్పుకుంటే అయిపోయినట్టే.

మా అబ్బాకు కంటి ఆపరేషన్ అయింది. ఇల్లందులో దుకాణం తెరుస్తున్నారు గానీ సూదిలో దారం పక్క దుకాణం వాళ్లతో ఎక్కించుకుంటున్నారు. నీ తువ్వాలు సంగతి చెబితే నవ్వారు.

ఆఫియా

*

తునికిబండ
ఆగస్టు 20

ఆఫియా,

వాన తగ్గింది, బురద తగ్గలేదు. ఇవాళ ఇక్కడి బడిలో పిల్లలకు నులిపురుగుల బిళ్లలు వేశాను. ఒకడు మింగినట్టు నటించి బిళ్లను కుక్కకు పెట్టాడు. టీచరు కొట్టబోతే నేనే ఆపాను. కుక్కకు మంచిదే కదా.

గడువు సంగతి ముసలయ్యకు పోయిన నెలే చెప్పాను. తల ఊపాడు, నమ్మలేదు. ఆయన చిన్న కొడుకు నాని ఉన్నాడు, జూన్‌లోనే సరిహద్దు అవతలికి వెళ్లిపోయాడు. సంతలో ఎవరితోనో గొడవపడ్డాడు, తర్వాత ఇద్దరు మనుషులు వాడిని వెతుక్కుంటూ గుంపు దాకా వచ్చారు. ఎవరన్నది ముసలయ్య చెప్పలేదు, నేను అడగలేదు. అలాంటి కొడుకు తనకు లేడని వాళ్లతో అన్నాడట. నా ట్యాబ్‌లో మాత్రం నాని ఫొటో ఉంది, నేనే తీశాను. ఆయన మాటిమాటికీ అడిగింది దాని గురించే.

మొన్న తెరిచి చూస్తే నాని కార్డు లేదు. వాడి గుడిసెకు ఎవరం వెళ్లలేదు, గడువు తీరింది. ట్యాబ్ ముసలయ్య చేతికే ఇచ్చాను. ఆయనకు చదువు రాదు, బొమ్మలు తెలుసు. వేలితో ఒక్కొక్క ఇల్లే జరిపి చూశాడు. పక్కింటి బొమ్మ తర్వాత తన బొమ్మే వచ్చింది. మధ్యలో నాని లేడు.

"పోయిండా?" అన్నాడు.

"పోయిండు."

"ఖమ్మంల కూడనా?"

"ఖమ్మంల కూడ."

ట్యాబ్‌ను పంచె కొంగుతో తుడిచి ఇచ్చాడు. సాయంత్రం జంపక్క, అంటే ఆయన కూతురు, లాలి తల్లి, నాకు ఉడికించిన కంకులు కట్టి ఇచ్చింది. ఇన్నాళ్లూ ఫొటో ఇవ్వని మూడు ఇళ్ల వాళ్లు, గుట్ట మీది చేల నుంచి ఇళ్లకు దిగినాక వచ్చి తీసుకొమ్మన్నారు. ఈ ఊరికి వచ్చి ఏడాదిన్నర అయింది. పని కుదురుకున్నట్టు మొదటిసారి అనిపించింది.

గుంపులో ఇప్పుడు ఎవరూ లేరు. మొక్కజొన్న కంకి పట్టింది కాబట్టి పిల్లాజెల్లా అంతా గుట్ట మీద చేల దగ్గర గుడిసెల్లో ఉంటున్నారు. పగలు కోతులు, రాత్రి పందులు పడకుండా కాపలా. ఇళ్లకు గడియ పుల్లలు పెట్టి ఉన్నాయి. ప్రతి ఏడూ ఉండేదే. లాలి పొట్లం గుట్ట ఎక్కి చేను దగ్గరే ఇచ్చి వచ్చాను. ట్యాబ్ అక్కడ ఫొటో ఒప్పుకోలేదు. వాళ్లు దిగినప్పుడు తీస్తాను.

సరిత

*

ఖమ్మం
సెప్టెంబరు 10

సరితా,

మొన్న ఇల్లందు వెళ్లివచ్చాను. మీ నాన్న బస్టాండులో కనిపించారు, డ్యూటీకి వెళ్తున్నారు. నువ్వు చిక్కావా అని నన్ను అడిగారు. నేను చూసి ఎన్నాళ్లయిందో ఆయనకు చెప్పలేదు. బాగానే ఉందన్నాను.

మతీన్ మీ గురవమ్మ టీ గురించి ఇంట్లో కథలు చెబుతున్నాడు. టీలో మిరియాలు వేసి, "తాగు కొడుకా, నీ గొంతుల కప్ప చస్తది" అందట. వీడి పాట విన్నదేమో.

ఆఫీసులో పని ఎక్కువ. ఇంకో రెండు మండలాలు కలిపారు. నీ వైపు లెక్క మాత్రం బాగా తగ్గింది. అవతలి గుంపు వాళ్లు వెళ్లిపోయారా? సార్ నన్నే అడిగారు. వానలకు చోటు మారి ఉంటారు, అలా పోతుంటారని సరిత ముందే రాసిందని చెప్పాను. ఆయన సరే అని పొట్లాలు కట్టేవాళ్లకు పంపే పట్టికను అలాగే ఖాయం చేశారు. ఒక విధంగా గడువు పని చేస్తోందని తెలిసి నాకు తృప్తిగా అనిపించింది. రాసిన తర్వాత నిజంగా జరగడం చూడటం తక్కువ మా పనిలో.

నీకు తువ్వాలు ఒకటి పంపుతున్నాను. అంచు ఎర్రది. పొయ్యికి దూరంగా ఉంచు.

ఆఫియా

*

తునికిబండ
సెప్టెంబరు 18

ఆఫియా,

వాన. మతీన్ బండి ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు, వాగు పెరిగితే ఇక్కడే ఉండిపోతానంటున్నాడు. తొందరలో రాస్తున్నాను.

బండిలో అవతలి గుంపు పొట్లాలు ఒక్కటీ లేవు. వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు. చేల దగ్గర ఉన్నారు, పోయిన ఉత్తరంలో రాశాను. నీ ఉత్తరం పోయిన వారం అందింది, అప్పుడే జవాబు రాయాల్సింది. నేను దాన్ని పొట్లాల మాటగా చదువుకోలేదు. మాటవరసకు అడిగావనుకున్నాను.

ట్యాబ్‌లో గుంపు కార్డులు ఏవీ లేవు. రాసిన పదకొండు ఇళ్లూ పోయాయి. మూడు వారాలుగా ఈవలి ఊళ్లలో జ్వరాల పని, ఆ పేజీ తెరవలేదు.

లాలి దగ్గర బిళ్లలు అయిపోవచ్చాయి. టవర్ చచ్చి ఎనిమిది రోజులయింది. నేను కొత్తగా కార్డు రాస్తాను, పొట్లం పంపించు.

సరిత

*

ఖమ్మం
సెప్టెంబరు 20

సరితా,

నిన్నంతా ఫోన్ చేశాను, కలవలేదు. ఇది మణుగూరు బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను. పినపాకలో మందుల దుకాణం దగ్గర దింపుతానన్నాడు.

నీ ఆగస్టు ఉత్తరం తీసి మళ్లీ చదివాను. చేల దగ్గర ఉన్నారని రాశావు. ట్యాబ్ ఫొటో ఒప్పుకోలేదని కూడా రాశావు. రెండూ చదివాను, లెక్క తగ్గినప్పుడు గుర్తు రాలేదు. చేను దగ్గర ఉండటమంటే ఊళ్లో ఉండటమే అని నువ్వు అనుకున్నావు, నేనూ అలాగే చదివాను. ప్రోగ్రామ్‌కు అది తెలియదు. ఇల్లు ఖాళీ అంటే మనిషి లేనట్టే దానికి.

కొత్త కార్డు రాస్తే ఉత్త జ్వరం బిళ్లలు, బలం మందులు వస్తాయి. లాలి మందు రాదు. అది గట్టి మందు. రక్తపరీక్ష నంబరు, డాక్టర్ ఒప్పుకోలు ఉంటేనే ఇస్తారు. ఆ రెండూ పాత కార్డులోనే ఉన్నాయి. కాగితం మీద ఇస్తామంటే అప్పుడు ముసలయ్యే వద్దన్నాడని నువ్వు చెప్పావు. డాక్టర్ వచ్చే క్యాంపు మళ్లీ వచ్చే నెల చివర, భద్రాచలంలో.

సారంగపాణి సార్‌ను అడిగాను. కార్డు లేకుండా పొట్లం కట్టనివ్వను, రేపు ఆ పిల్లకు ఏమైనా అయితే ఎవరు ఇచ్చారని అడుగుతారు అన్నారు. ఇవ్వకపోయినా అవుతుంది సార్ అన్నాను. లేచి క్యాబిన్ తలుపు వేశారు. తర్వాత చెప్పారు. కార్డులన్నిటికీ కాపీ ఉందట. మొదటి నుంచీ ప్రతి నెలా ఒకటో తారీఖున ఆయనే ఒక డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెడుతున్నారు. మనం పెట్టిన గడువు ఆ డిస్కుకు తెలియదు. ఇంతకుముందు పని చేసిన చోట లెక్కలు మొత్తం పోయి, నింద ఈయన మీద పడిందట. "అలవాటమ్మా" అన్నారు. నాకు ఇన్నాళ్లూ తెలియదు. నీకు తెలియదని చెప్పనక్కర్లేదు.

ఆగస్టు కాపీలో గుంపు మొత్తం ఉంది, నానితో సహా. సెప్టెంబరు కాపీలో ఎవరూ లేరు. లాలి ఒక్కదాన్నే ఏరి తీయాలంటే దానికి వేరే పని రాయాలి, పది రోజులు పడుతుంది. అందరినీ ఒకేసారి తేవడం ఒక పూట పని. తెచ్చాక మిగతావి నేను ఒక్కొక్కటిగా తీసేస్తాను.

మాట ఇచ్చినదానివి నువ్వు. నువ్వు చెప్పినట్టే చేస్తాను. ఇదే డ్రైవర్ సోమవారం సాయంత్రం తిరిగి వస్తాడు.

ఆఫియా

*

తునికిబండ
సెప్టెంబరు 22

ఆఫియా,

లాలికి శనివారం నుంచి నొప్పి. చేతులు, మోకాళ్లు, వీపు. ఒళ్లు కాలుతోంది. చేను దగ్గర నుంచి నులక మంచం మీద ఇంటికి దింపారు. నీళ్లు తాగిస్తున్నాను, నొప్పి బిళ్ల ఇచ్చాను. నా దగ్గర ఉన్నవి అవే. ముట్టుకోనివ్వడం లేదు. ఏడవడం కూడా మానేసింది.

భద్రాచలం దవాఖానాకు పోదామన్నాను. వాగు దాకా మంచం మోస్తే 108 వస్తుంది. ముసలయ్య వద్దన్నాడు. అక్కడ ఇంకో చోట పేరు రాస్తారన్నాడు. జంపక్క ఆయన వంక చూసి నా వంక చూసింది. 

కాపీ సంగతి వాళ్లకు చెప్పలేదు.

తెచ్చెయ్.

సరిత

*

ఖమ్మం
సెప్టెంబరు 24

సరితా,

పొద్దున తెచ్చాను. పది గంటలకల్లా పదకొండు కార్డులూ వచ్చాయి. మధ్యాహ్నానికి పొట్లాలు కట్టించాను. లాలివి రెండు నెలలకు సరిపడా ఇచ్చారు, సార్ సంతకం పెట్టారు. రేపు మతీన్ తెస్తాడు. పినపాకలో టవర్ దగ్గర నీ ట్యాబ్ ఒకసారి తెరిస్తే కార్డులు వస్తాయి. పొట్లం ఇచ్చేటప్పుడు మామూలుగానే కొత్త ఫొటో తీయాలి, లేకపోతే తర్వాతి పొట్లం ఆగిపోతుంది.

గడువు తీసేయమన్నారు సార్. ఇలాంటిది మళ్లీ జరగకూడదని. నిన్నే ఆ లైను తీసేశాను. అది పెట్టడానికి ఒక రోజు పట్టింది, తీయడానికి ఏమీ పట్టలేదు.

మిగతా పది కార్డులు తీసేస్తానని రాశాను. ఈ వారం అవుతుందనుకోను. కొత్త మండలాల పని మీద పడింది. నువ్వు వాళ్లకు ఏం చెబుతావో నీ ఇష్టం. చెప్పకపోయినా నేను తప్పు పట్టను.

లాలి ఎలా ఉందో రెండు మాటలు రాయి.

ఆఫియా

*

తునికిబండ
అక్టోబరు 8

ఆఫియా,

మబ్బు ఉంది, వాన లేదు. ఇవాళ పని ఏమీ చేయలేదు. పొద్దున మోపెడ్ ప్లగ్గు తుడిచాను. తర్వాత గురవమ్మతో కూర్చుని బొబ్బర కాయలు ఒలిచాను.

నీ పోయిన రెండు ఉత్తరాలు అందాయి. మతీన్‌తో ఉత్తరం ఏమీ లేదని చెప్పి పంపింది నేనే. వాడి మీద కోప్పడకు.

మందు అందింది. ఆ సాయంత్రమే తీసుకెళ్లాను. నొప్పి తగ్గడానికి అయిదారు రోజులు పట్టింది. అంతకుముందు నుంచే కాస్త తగ్గుముఖం పట్టిందని కూడా చెప్పాలి. రెండో వారానికి లేచి కూర్చుంది. గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. నీళ్లు అడిగి తాగుతోంది. అప్పటికి కంకులు విరిచి గుంపు వాళ్లంతా ఇళ్లకు దిగారు.

కొత్త ఫొటో తీయడం ఆలస్యం చేశాను. మంచంలో ఉన్న పిల్ల దగ్గర ట్యాబ్ తీయబుద్ధి కాలేదు. పోయిన శుక్రవారం ఇక తప్పదని తీశాను. నువ్వు మిగతా కార్డులు తీసేసి ఉంటావేమోనని పినపాకలో ఒకసారి చూసుకుని వెళ్లాల్సింది. చూసుకోలేదు. చూసినా ఉండేవి, నీ ఉత్తరాలను బట్టి తెలుస్తోంది.

ముసలయ్య నా పక్కనే కూర్చుని ఉన్నాడు. జంపక్క లాలికి తల దువ్వుతోంది, ఫొటో అన్నందుకు. కార్డులు ఇళ్ల వరసలో వస్తాయి కదా. పక్కింటి బొమ్మ వచ్చింది. జరిపాను. నాని వచ్చాడు. ఎర్ర చొక్కా, దువ్వుకోని తల, నేను తీసిన రోజు ఎలా నవ్వాడో అలాగే.

నేను వెంటనే జరపలేదు. ఎందుకో తెలియదు. జరిపితే దాచినట్టు అవుతుందనిపించిందేమో. ముసలయ్య వంగి చూశాడు.

"వీడు పోయిండన్నవు గద."

"పోయిండు. మళ్ల వచ్చిండు."

"ఎట్లొచ్చిండు?"

చెప్పాను. ఖమ్మంలో బీరువాలో ఒక కాపీ ఉందని, అది ఉన్నట్టు నాకు తెలియదని, లాలి మందు కోసం అందరి బొమ్మలూ వెనక్కి తెప్పించింది నేనేనని. గడువు ఇప్పుడు తీసేశారని కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత గురవమ్మ అంది. ఆమెకు అన్నీ తర్వాతే తోస్తాయి.

ముసలయ్య కోప్పడలేదు. నేను అనుకున్న మాట ఏదీ అనలేదు. బీరువాకు తాళం ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందన్నాడు. సార్ దగ్గర అన్నాను. ఆ సార్‌ను నువ్వు చూశావా అన్నాడు. ఒక్కసారి, మీటింగులో చూశానన్నాను.

ఆ తర్వాత అన్నాడు, "నువ్వు అబద్ధం ఆడినవంటలేను బిడ్డా. పిల్ల కోసం అడిగినవు, మంచిదే చేసినవు. రేపు ఇంకొకని కోసం ఇంకెవడో అడుగుతడు. వానికి గూడ ఇస్తరు."

నేను నాని కార్డు అక్కడే తీసేస్తానన్నాను. నొక్కాను కూడా. ఆయన చూడలేదు. లేచి మేకల దగ్గరికి వెళ్లాడు. జంపక్క లాలి జడ అల్లడం పూర్తి చేసింది. "ఫొటో దియ్యి అక్కా, రెబ్బను కట్టిన" అంది. తీశాను. బాగానే వచ్చింది. ఆఫీసులో నీకు కనిపించే ఉంటుంది.

వచ్చేటప్పుడు జంపక్క వాగు దాకా వచ్చింది. ఈ మందు అవతలి వైపు దుకాణాల్లో దొరుకుతుందా అని అడిగింది. చీటీ మీద పేరు రాసి ఇస్తానంటే వద్దంది. నోటితో చెప్పమంది. మూడుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారి తనే తప్పు లేకుండా చెప్పింది. ఎక్కడికి వెళ్తున్నారని నేను అడగలేదు. వెళ్తున్నామని ఆమె చెప్పలేదు. వాగులో నీళ్లు తగ్గాయి, మోకాళ్ల దాకా ఉన్నాయి.

శని, ఆదివారాలు పినపాకలో శిక్షణ, అక్కడే ఉన్నాను. అప్పుడే మీ సార్‌కు ఫోన్ చేయవచ్చు అనుకున్నాను. చేస్తే ఏం చెప్పాలో తెలియలేదు. చేయలేదు. ఇప్పుడు నీతో కూడా చెప్పడానికి ఎక్కువ లేదు. నువ్వు తీసేస్తానన్న కార్డులు తీసేసినా తీసేయకపోయినా ఒకటే. కాపీ ఉంటుంది.

నీ మీద నాకేమీ లేదు. నా మీద నీకు ఉంటే రాయి. ఏ సంగతైనా ఇంకొన్నాళ్లు ఆగి రాయి. ఇప్పుడైతే చదువుతాను గానీ ఏమీ అనిపించదు.

మంగళవారం, అంటే నిన్న, వాగు దాటి వెళ్లాను. మేకల కోసం అటు వెళ్లిన గురవమ్మ ముందే చెప్పింది, అయినా వెళ్లాను. వాసాలు, తడికెలు తీసుకుపోలేదు. విరిచిన కంకులు మోయగలిగినన్ని తీసుకెళ్లారు, మిగిలినవి ముసలయ్య ఇంటి వెనక కుప్పగా ఉన్నాయి. జొన్న చేను కోతకు రాకముందే వదిలేశారు. కోళ్లు రెండు ఉన్నాయి. మందుల డబ్బా లేదు, తీసుకెళ్లారు.

చివరగా వెళ్లినవాళ్లు గురవమ్మకు చెప్పారట, ముసలయ్య, జంపక్క, లాలి ఆదివారం పొద్దు పొడవక ముందు వెళ్లారు. లాలిని జంపక్క వీపుకు కట్టుకుంది. ఫొటో ఇస్తామన్న మూడు ఇళ్ల వాళ్లు అదే రోజు మధ్యాహ్నం వెళ్లారు. మిగతా వాళ్లు సోమవారం.

సరిత